జగ్గమ్మను అడగని ప్రశ్న

శ్రీకాకుళం చుట్టుపక్కల ఏ డాక్టరు మీద కేసు పడినా ముందుగా ఫోన్ మోగేది సూర్యారావు గారి ఆఫీసులోనే. నరసన్నపేటలో బట్టల కొట్టు నడిపిన కుటుంబం ఆయనది. కొట్టులోనే ఉండిపోతే గుడ్డ కొలిచేవాడు, లా చదివాడు కాబట్టి మనుషుల్ని కొలిచాడు. ముప్పై ఏళ్ళుగా డాక్టర్ల తరఫునే వాదిస్తున్నాడు. జూనియర్లకు ఆయన నేర్పే పాఠం ఒక్కటే.

"డాక్టరు మంచివాడని మనం నిరూపించక్కర్లేదమ్మా. పోయినవాళ్ళ ఇంట్లో ఏదో ఒక తప్పు ఉంటుంది. ఉండి తీరుతుంది. దాన్ని వెతికి పట్టుకుని, బోనులో వాళ్ళ నోటితోనే చెప్పించు. ఆ తర్వాత డాక్టరు ఊసు ఎవడూ ఎత్తడు."

అరుణశ్రీ ఈ పాఠం ఆయన దగ్గర జూనియర్‌గా చేరాక నేర్చుకున్నది కాదు. పదహారేళ్ళప్పుడే, కన్స్యూమర్ కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని, ఆయన తన తల్లిని ప్రశ్నలడుగుతుంటే విని నేర్చుకుంది.

తల్లి లక్ష్మణమ్మ నౌపడ అవతల సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ళో ఉండేది. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. పెద్ద కూతురు తులసికి తొలి కాన్పు. నొప్పులు మొదలైనప్పుడు లక్ష్మణమ్మ సంతలో ఉంది. కబురు అందేసరికి గంపలో ఇంకా సగం సరుకుంది. చేతిలో ఆటోకి డబ్బుల్లేవు. వచ్చిన ధరకి చేపలు తెగనమ్మి, ఇంటికి పరుగెత్తి, పిల్లని ఆటోలో వేసుకుని నరసన్నపేటలో డాక్టర్ యుగంధర్ నర్సింగ్ హోముకి చేర్చింది. సాయంత్రం చేరారు. డాక్టరు గారు వచ్చేస్తున్నారని నర్సు చెబుతూనే ఉంది. తెల్లారేసరికి తులసి లేదు, కడుపులో బిడ్డా లేదు. ఆసుపత్రి కాగితాల్లో మాత్రం డాక్టరు సాయంత్రం నుంచీ మంచం పక్కనే నిలబడి ఉన్నట్టు రాసుంది.

ఎవరో చెబితే కేసు వేశారు. డాక్టరు తరఫున సూర్యారావు లేచాడు.

"నొప్పులొచ్చాయని తెలిసేసరికి ఎక్కడున్నావమ్మా?"

"సంతలోనండి."

"వెంటనే బయల్దేరావా, చేపలమ్ముకుని బయల్దేరావా?"

"అమ్ముకునే ఎల్లినానండి. సేతిలో డబ్బు నేదండి, ఆటోవోడు..."

"అడిగినదానికే చెప్పు. ఆ రోజు నీకు చేపలు ముందా, కూతురు ముందా?"

లక్ష్మణమ్మ బోను కర్ర రెండు చేతులా పట్టుకుంది. చదువుకున్న పెద్దమనిషి, కోటు వేసుకున్నవాడు, రెండే దారులు చూపించాడు. మూడోది ఒకటుంటుందని ఆవిడకి ఎవరు చెబుతారు? "సేపలేనండి" అంది.

కేసు కొట్టేశారు. ఆ రోజు నుంచి లక్ష్మణమ్మ గంప ముట్టుకోలేదు. కూతురు పోయిన దుఃఖమైతే ఏడ్చి ఏడ్చి ఎప్పటికో తేరుకునేది. ఇది అది కాదు. "నానే సంపీసినాను" అంటుంది. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అంటుంది, పక్కింటివాళ్ళతో అంటుంది, పాలవాడితో అంటుంది. పద్నాలుగేళ్ళయినా ఆ మాట అనని రోజు లేదు.

అరుణశ్రీ పళ్ళు నూరుకుంటూ చదివింది, పళ్ళు నూరుకుంటూనే లా పాసయింది. ఏడేళ్ళ కిందట తిన్నగా వెళ్ళి సూర్యారావు ఆఫీసులోనే చేరింది. ఏ ఊరమ్మా అని ఆయన అడిగాడు. నౌపడ వైపండి అని చెప్పింది. "ఓహో, ఉప్పు పండే కొటార్లు" అని నవ్వాడు. లక్ష్మణమ్మ పేరు గానీ ముఖం గానీ ఆయనకి గుర్తు లేదు. ఒక మనిషి బతుకుని ఉప్పుపాతర వేసి, ఆ మనిషిని మరిచిపోవడం కూడానా! కొట్టినా ఇంత మంట ఉండేది కాదు. అయినా నవ్వు ముఖంతో ఆయన ఫైళ్ళు మోసింది, ఆయన పద్ధతులన్నీ ఔపోసన పట్టింది. యుగంధర్ మీద ఎప్పుడో ఒకప్పుడు ఇంకో కేసు పడక మానదు. ఆ కేసు తన చేతికి రావాలి. అది ఒక్కటే కోరిక.

వచ్చింది. సూర్యారావుకి మోకాలి ఆపరేషన్ అయి ఇంట్లో పడుకున్న నెలలో వచ్చింది. "నువ్వే చూసుకో అరుణా, మొదటి నుంచి చివరిదాకా" అని ఫోన్‌లో చెప్పాడు. ఆ రోజు అరుణశ్రీ ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచింది. ఎందుకని అడిగితే మొక్కు తీరబోతోందని చెప్పింది.

కేసు ఇది. దాలయ్య అనే మత్స్యకారుడు, ముప్పై నాలుగేళ్ళవాడు. కడుపులో రాళ్ళున్నాయంటే యుగంధర్ దగ్గర ఆపరేషన్‌కి చేరాడు. మత్తు ఇచ్చిన కాసేపటికి వాంతి అయింది. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయింది. రెండో రోజు చనిపోయాడు. మత్తు ఇవ్వడంలో నిర్లక్ష్యమని పెళ్ళాం దుర్గ కేసు వేసింది. దుర్గ తరఫు సాక్షి దాలయ్య తల్లి జగ్గమ్మ. రాత్రి నుంచి నా కొడుక్కి ఏమీ పెట్టలేదని ఆవిడ అఫిడవిట్‌లో వేలిముద్ర వేసింది.

అరుణశ్రీ లెక్క తేలికైనది. తను డాక్టరు తరఫు లాయరు. కేసు ఓడిపోతే చాలు. కానీ ఓడినట్టు తెలియకుండా ఓడాలి, సూర్యారావు కళ్ళుగప్పి ఓడాలి. అలా ఓడాలంటే గెలవడానికి చేసే పనంతా చేసి, చివర్లో చేయి వదిలేయాలి. అందుకని ఆవిడ కేసుని మిగతా ఏ కేసూ తయారు చేయనంత శ్రద్ధగా తయారు చేయడం మొదలుపెట్టింది. నర్సుల్ని పిలిపించింది, మత్తు డాక్టరుని పిలిపించింది, ఒక్కొక్కరినీ విడివిడిగా కూర్చోబెట్టి తవ్వి తవ్వి అడిగింది.

యుగంధర్ కూడా వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ దర్జా తగ్గలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఈ కేసులో నిజంగా నా తప్పు లేదమ్మా" అన్నాడు.

ఈ కేసులో నిజంగా! మరి నిజంగా తప్పున్న కేసు ఏదో ఆయనకి తెలుసన్నమాట. అరుణశ్రీ తల వంచుకుని రాసుకుంటున్నట్టు నటించింది.

మత్తు డాక్టరు చెప్పిన ఒక ముక్క దగ్గర ఆవిడ కలం ఆగింది. దాలయ్య గొంతులోంచి తీసింది గోధుమరంగులో పలచగా, జావలా ఉందట. పైత్యం అనుకున్నారట. మత్తుకి కడుపు ఖాళీగా ఉండాలి కనక, రాత్రి నుంచి ఏమైనా తిన్నాడా, తాగాడా అని నర్సు తల్లినీ పెళ్ళాన్నీ మళ్ళీ మళ్ళీ అడిగిందట. ఇద్దరూ లేదన్నారట.

ఆ రంగు ఏమిటో అరుణశ్రీకి చెప్పక్కర్లేదు. అది చోడి అంబలి, రాగిజావ. ఆ తీరంలో చేపల వేటకి వెళ్ళే మగాడు ఖాళీ కడుపుతో గడప దాటకూడదు. ఖాళీ కడుపుని సముద్రం తన నీళ్ళతో నింపుతుందని భయం. తల్లి ఉంటే తల్లి, లేకపోతే పెళ్ళాం, చెంబుడు అంబలి చేతికిస్తుంది. వాడు నిలబడే తాగుతాడు. ఇచ్చానని ఆవిడ అనకూడదు, తాగానని వాడు అనకూడదు. ఎవరడిగినా లేదనే చెప్పాలి. చెబితే సముద్రం వింటుంది. ఒక్క వేటకే కాదు, ప్రాణం మీదికి వచ్చే ఏ పనికి వెళ్ళినా అంతే. నాన్న పోలీసు స్టేషన్‌కి వెళ్ళిన రోజున కూడా అమ్మ చెంబు ఇవ్వడం అరుణశ్రీ చూసింది.

ఆదివారం పొద్దున్నే దాలయ్య వాళ్ళ ఊరికి వెళ్ళింది. పిన్నిని ఇచ్చింది ఆ ఊరే. పిన్ని ఇంట్లో చేపల పులుసు తింటూ మాట కలిపింది.

"పిన్నీ, దాలయ్యకి ఆపరేషన్ రోజు జగ్గమ్మ చెంబు ఇచ్చిందేటి?"

పిన్ని చేత్తో నోరు మూసుకుంది. "ఓలమ్మో, అదేటే అడుగుతావు? అడిగీదీ కాదు, సెప్పీదీ కాదు."

"చచ్చిపోయాడు కదా. ఇంకేటి వింటాది సముద్రం?"

పిన్ని వీధిలోకి తొంగి చూసి వచ్చి గొంతు తగ్గించింది. "ఇవ్వకండా ఉంటాదేటి? కత్తి కిందకి ఎల్తన్నాడు కొడుకు. ముందు రోజు అంబలి కాసి, సెంబుకి గుడ్డ కట్టి, సంచీలో ఎట్టుకుని ఎల్లినాది. నా కళ్ళతో సూసినాను. కోడలికి కూడా తెలీదు. దుర్గది ఒడిసా వైపు కదా, మన అలవాట్లు దానికేటి తెలుస్తాయి?"

"దానివల్లే పోయాడని జగ్గమ్మకి తెలుసా?"

"దానివల్ల పోవడమేటే? అంబలి తాగితే సస్తారేటి ఎవులైనా?"

తిరుగు బస్సులో అరుణశ్రీ లెక్క వేసుకుంది. సూర్యారావు పాఠం అక్షరాలా నిజమైంది. పోయినవాడి ఇంట్లో తప్పు దొరికింది. యుగంధర్ ఈసారి నిజంగానే నిర్దోషి. ఇన్నేళ్ళు కాచుకుని కూర్చుంటే చివరికి ఆ వెధవ చేతికి చిక్కింది తప్పు చేయని కేసులోనా! జగ్గమ్మని బోనులో నాలుగు ప్రశ్నలడిగితే చాలు. వేటకెళ్ళే రోజు కొడుక్కి ఏం ఇచ్చేదానివి, ఎందుకిచ్చేదానివి, ఎవరికైనా చెప్పేదానివా, ఆపరేషన్ రోజు ఏం ఇచ్చావు. గంగమ్మ మీద ఒట్టు వేయమంటే ఆ ముసలిది అబద్ధం ఆడలేదు. డాక్టరు దర్జాగా ఇంటికి వెళ్ళిపోతాడు.

ఆ పై ఆదివారం మధ్యాహ్నం యుగంధర్‌ని ఆఫీసుకి పిలిపించింది. సాక్ష్యానికి ముందు క్లయింటుని కూర్చోబెట్టి, అవతలి లాయరు ఎలా అడుగుతాడో అలా తామే అడిగి చూసుకోవడం ఆ ఆఫీసు పద్ధతి. దాలయ్య సంగతులన్నీ అడిగింది. ఆయన తడుముకోకుండా చెప్పాడు. అప్పుడు నెమ్మదిగా మాట మార్చింది.

"వాళ్ళు పాత కేసు కూడా ఎత్తవచ్చు సార్. పద్నాలుగేళ్ళ కిందట కాన్పులో తులసి అనే అమ్మాయి పోయింది. ఆ రాత్రి మీరెక్కడున్నారు?"

యుగంధర్ తలుపు వైపు చూశాడు. "ఇది మన మధ్యే ఉంటుందా?"

"నేను మీ లాయర్ని. మీరు నాకు చెప్పింది ఈ గోడ దాటదు. దాటిస్తే నా పట్టా పోతుంది."

ఆయన ఊపిరి వదిలాడు. "విజయనగరంలో ఉన్నానమ్మా. మా బావమరిది గృహప్రవేశం. నర్సు ఫోన్ చేసింది. ఇంజెక్షన్ ఇవ్వు, పొద్దున్నే వస్తానన్నాను. కాగితాలు తర్వాత రాయించాను. అప్పుడు చిన్నతనం, భయపడ్డాను."

"ఇంకో రెండు గంటలు ముందు తీసుకొచ్చి ఉంటే ఆ అమ్మాయి బతికేదా?"

"ముందొస్తే మాత్రం ఏముంది? నేను లేనుగా." చిన్నగా నవ్వాడు. "ఆ ముసలిది చేపలమ్ముకుని వచ్చింది చూడు, అదే నన్ను కాపాడింది. సూర్యారావు గారు భలే పట్టుకున్నారు."

అరుణశ్రీకి చెవులు గింగుర్లెత్తాయి. పద్నాలుగేళ్ళుగా తల్లి వినవలసిన మాట ఈ గదిలో, ఈ నోట్లోంచి, నవ్వుతూ వచ్చింది. తెలిసిన మాటే. కానీ అనుకోవడం వేరు, వినడం వేరు. ఆ మాట ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. ఆయన తన క్లయింటు.

బల్ల మీద చేతులు రెండూ ఆనించి ముందుకి వంగింది.

"ఆ ముసలిది మా అమ్మ."

యుగంధర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తేలు కుట్టిన దొంగలా కుర్చీలో కదిలాడు. తర్వాత గొంతు పెంచాడు. "ఇది మోసం. నేను లాయర్ని మార్చుకుంటాను. సూర్యారావు గారికి చెబుతాను."

"చెప్పండి. మార్చుకోండి. గురువారం జగ్గమ్మ బోనులోకి వస్తుంది. దాలయ్య ఎందుకు పోయాడో నాకు తెలుసు. మీ తప్పు లేదని కూడా తెలుసు. ఆవిడని ఒక్క మాట అడిగితే మీరు బయటపడతారు. ఆ మాట ఏమిటో ఈ జిల్లాలో నాకొక్కదానికే తెలుసు. సూర్యారావు గారికీ తెలీదు, మీకూ తెలీదు. నేను వెళ్ళిపోతే అది నాతోనే పోతుంది."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఏం కావాలి నీకు?"

"మా అమ్మ దగ్గరికి వచ్చి, ఇప్పుడు నాకు చెప్పిందే చెప్పండి. ఆవిడ తప్పు లేదని, మీ తప్పేనని. అంతే. గురువారం నేను అడుగుతాను."

"బయటికి రాదు కదా?"

"మా ఇంట్లో నలుగురు లేరు సార్. మా అమ్మా నేనూ."

ఆయన ఒప్పుకున్నాడు. ఒక ముసలిదాని ముందు నాలుగు మాటలు అనడానికి పోయేదేముంది?

మంగళవారం సాయంత్రం యుగంధర్ కారు శ్రీకాకుళంలో తల్లీ కూతుళ్ళు ఉంటున్న సందు మొదట్లో ఆగింది. లక్ష్మణమ్మ గుమ్మంలో కూర్చుని తోటకూర గిల్లుతోంది. డాక్టరుని చూడగానే గుర్తుపట్టింది. ఆకు పక్కకి తోసి, కొంగు సర్దుకుని లేచి నిలబడింది. అరుణశ్రీ ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఆయన కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాడు. ఆ రాత్రి తను లేనని, విజయనగరంలో ఉన్నానని, కాగితాల్లో అబద్ధం రాయించానని, ఎంత ముందు తీసుకొచ్చినా జరిగేది అదేనని. "తప్పు నాదమ్మా. నీది కాదు."

అరుణశ్రీ తలుపు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు అమ్మ అరవాలి. జుట్టు పట్టుకోవాలి. దుమ్మెత్తి పోయాలి. పద్నాలుగేళ్ళ ఏడుపంతా వాడి ముఖాన కొట్టాలి. పక్కిళ్ళవాళ్ళంతా పోగవాలి.

లక్ష్మణమ్మ ఆయన వైపు తేరిపార చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముందుకి వచ్చి వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది.

"ఎంత దొడ్డ మనసు బాబూ నీది! నా కడుపుకోత సూడనేక, నీ మీద ఏసుకుంతన్నావు. ఇంత దూరం ఒచ్చి మరీ."

"కాదమ్మా, నిజమే చెబుతున్నాను."

"నాకు తెలీదేటి బాబూ? కోర్టులో నా నోటితో నానే ఒప్పుకున్నాను. సేపలమ్ముకునే ఎల్లినాను. జడ్జీగారే రాసీసినారు. నువ్వు నేకపోవడమేటి? మా తులసి కోసం రాత్రంతా కష్టపడినావు. మా అదురుష్టం అలగున్నాది."

"అమ్మా, ఆయన చెప్పేది నిజం! ఆయన లేడు!" అని అరుణశ్రీ అరిచింది.

"ఊరుకోయే. పెద్దోల్లు మంచి కోసం ఒక మాట అంతారు. కాఫీ ఎట్టు బాబుకి."

యుగంధర్ లేచాడు. ముందు తెల్లబోయినవాడు కాస్తా ఇప్పుడు తేలికపడ్డాడు. లక్ష్మణమ్మ భుజం మీద చేయి వేసి, "బాధపడకమ్మా, అంతా దేవుడి దయ" అన్నాడు. ఏ మహానుభావుడో ఊరి వాళ్ళని ఆశీర్వదించినట్టు అన్నాడు. వాకిట్లోకి వచ్చాక అరుణశ్రీతో, "నా మాట నేను నిలబెట్టుకున్నాను. గురువారం నీ వంతు" అని కారెక్కాడు.

అరుణశ్రీ ఆ రోజు కాఫీ పెట్టలేదు. అన్నమూ వండలేదు. ఆ తోటకూర అలాగే వాడిపోయింది.

గురువారం జగ్గమ్మ బోనెక్కింది. పొట్టిగా, నల్లగా, బోను కర్రకి గడ్డం ఆనేంత పొట్టిగా ఉంది. పక్కన బెంచీలో దుర్గ తల వంచుకుని కూర్చుంది. వాళ్ళ లాయరు అఫిడవిట్ చదివించి కూర్చున్నాడు. ఇప్పుడు అరుణశ్రీ అడగాలి. లేచి నిలబడింది. ముందు వరసలో యుగంధర్ చొక్కా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. పెదవి మీద చిరునవ్వు కూడా వచ్చేసింది.

జగ్గమ్మ బోను కర్ర రెండు చేతులా పట్టుకుని అరుణశ్రీనే చూస్తోంది. ఏమడుగుతారో తెలియని భయం. అలాంటి చేతులు, అలాంటి చూపు అరుణశ్రీ ఇదే హాల్లో ఒకసారి చూసింది. నాలుగు ప్రశ్నలు నాలిక మీద ఉన్నాయి. నాలుగోదానికి జవాబు చెప్పాక ఈ ముసలిది ఇంటికి వెళ్ళి, చచ్చేదాకా పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమంటుందో అరుణశ్రీకి తెలుసు. ఎవరు వచ్చి కాదన్నా నమ్మదనీ తెలుసు. బోనులో ఒప్పించిన మాటని బయట ఎవడూ తిప్పలేడు.

నిజం చెప్పాలంటే అరుణశ్రీకి ముందు వచ్చింది జాలి కాదు. యుగంధర్ పెదవి మీది ఆ చిరునవ్వు చూస్తే ఒళ్ళు మండింది. తల్లి చేత కాళ్ళకి దండం పెట్టించుకుని, పైగా దీవించి వచ్చిన మనిషి. ఇవాళ నా నోటితో గెలిచి ఇంటికి వెళ్తాడా? జాలి తర్వాత వచ్చింది. రెండూ కలిసి ఒకే మాట చెప్పాయి.

"ఈ సాక్షికి ప్రశ్నలు లేవు సార్."

కన్స్యూమర్ కమిషన్ అధ్యక్షుడు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏమీ లేవా?"

"ఏమీ లేవు సార్."

యుగంధర్ సగం లేచి ఆగిపోయాడు. ఆ సగం లేవడం చూసినప్పుడు అరుణశ్రీకి పద్నాలుగేళ్ళలో మొదటిసారి కడుపు నిండింది.

వరండాలో ఆయన అడ్డుపడ్డాడు. "మాట ఇచ్చావు! అడుగుతానన్నావు!"

"డాక్టరు గారు వస్తున్నారని మీ నర్సు కూడా మాట ఇచ్చింది సార్."

"ఈ కేసులో నేనేం చేయలేదు. నీకు తెలుసు నేనేం చేయలేదని!"

"తెలుసు. చేసినప్పుడు గెలిచారు. చేయనప్పుడు ఓడిపోండి. ఎలా ఉంటుందో చూడండి."

"ఏమిటా ప్రశ్న? అదైనా చెప్పు. ఎందుకు పోయాడు వాడు?"

"ఆలోచించుకోండి. చాలా టైముంది మీకు."

"సూర్యారావు గారికి చెబుతాను."

"చెప్పండి. మంగళవారం మా ఇంటికి ఎందుకొచ్చారో, వచ్చి ఏం ఒప్పుకున్నారో అది కూడా చెప్పండి."

ఆయన మెట్లు దిగి కారు వైపు నడిచాడు. చెప్పలేదు, ఎవరికీ చెప్పలేకపోయాడు.

వానలు మొదలయ్యేసరికి తీర్పు వచ్చింది. డాక్టరుదే తప్పన్నారు. పేపర్లో ఫోటోతో పడింది. కాన్పులకి ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు తగ్గారు, ఆపరేషన్లకి పూర్తిగా మానేశారు. దీపావళి ముందు నర్సింగ్ హోము బోర్డు దించేశారు. ఆయన మాత్రం కనపడ్డ ప్రతి డాక్టరునీ ఆపి, దాలయ్య ఎందుకు పోయుంటాడని అడుగుతున్నాడని నరసన్నపేటలో చెప్పుకున్నారు. ఆ కబురు విన్న రోజు అరుణశ్రీ రొయ్యల కూర వండుకుని రెండుసార్లు వడ్డించుకుంది. పాపభీతి లాంటిదేమీ కలగలేదు.

సూర్యారావు చేతికర్రతో ఆఫీసుకి వచ్చి, "ఎలా ఓడావమ్మా?" అని అడిగాడు.

"వాళ్ళ ఇంట్లో తప్పు దొరకలేదండి."

"దొరక్కపోవడమేమిటి?" అని ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు దించలేదు. ఎందుకో ఆయనే దించుకున్నాడు.

తీర్పు వచ్చిన రోజు సాయంత్రమే లక్ష్మణమ్మ కూడా అడిగింది. వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది.

"ఆ డాక్టరు బాబు కేసు ఏటైనాది?"

"ఓడిపోయాడమ్మా."

"అయ్యో, పాపం!" లక్ష్మణమ్మ నిజంగానే బాధపడింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంత మంచి బాబు. మరి ఆ పోయినోడి తల్లి, జగ్గమ్మో ఎవులో, ఆవిడ ఏటి సెప్పినాది?"

"నేనేమీ అడగలేదు."

"అడగాల్సినాది. తల్లి సేతిలో ఏదో తప్పు ఉండకుండా కొడుకు ఎలగ పోతాడు? అడిగితే సెప్పును. నన్ను అడిగినారు, నాను సెప్పినాను."

అరుణశ్రీ చేతిలో ఉన్న ఫైలు విసిరి కొట్టింది. ఇన్నేళ్ళుగా అణచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని కుదిపింది.

"నీ తప్పు లేదమ్మా! నిన్ను అడిగినవాడిదే తప్పు! చేపలమ్మకపోతే ఆటో ఎక్కడిది? ముందు తెచ్చినా డాక్టరే లేడు! అక్కని నువ్వు చంపలేదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి, నువ్వు చంపలేదు!"

లక్ష్మణమ్మ కూతురి చెంపలు తుడిచింది. జుట్టు సవరించింది. ముఖం నిండా ప్రేమతో నవ్వింది.

"నువ్వూ ఆ డాక్టరు బాబులాగే మంచిదానివే" అంది. "నా కోసం ఎంత అబద్దమైనా ఆడతావు."